సవరణ: ‘ఓటు సున్నా’ గురించి

మొన్న పెట్టిన పోస్టులో, మన చిత్తూరు జిల్లా ఎమ్మెల్యే ఒకరికి ‘ఓటు సున్నా’ అని, అంటే అసెంబ్లీలో ఒక్క బిల్లుకూ ఓటేయలేదని, తోతాపురి మామిడి రైతుల ధర విషయంలోనూ అంతేనని రాశాను. అది తప్పు. సభా నియమాలు, సభ కార్యకలాపాల రికార్డు చూశాక ఇది రాస్తున్నాను.

అసెంబ్లీలో బిల్లులు ఎక్కువగా మూజువాణి ఓటుతోనే పాసవుతాయి. అనుకూలమైనవారు ‘అవును’, కానివారు ‘కాదు’ అంటారు, స్పీకర్ ఫలితం ప్రకటిస్తారు. ఎవరు ఏమన్నారో పేర్లతో రాసుకోరు. డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టే ఓటింగ్, అడిగితేనే లెక్క తేలుతుంది. కాబట్టి నేను చూసిన ఆ సున్నా, ఆయన ఓటేయలేదని చెప్పే సున్నా కాదు. డివిజన్ జరిగినా, 1985లో వచ్చిన పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల విప్ (ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) దాటడం కష్టం. ఓటు చూసి మనిషిని అంచనా వేయలేం.

తోతాపురికి 2025లో ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలన్న నిర్ణయం ప్రభుత్వానిది. దానిమీద సభలో ఓటింగే లేదు.

పల్లెల్ని పట్టించుకున్నారా అని చూడాలంటే అసెంబ్లీ ప్రశ్నోత్తరాలు తిరగేయండి. అక్కడ అడిగినవారి పేరు ఉంటుంది. నా పాత పోస్టు స్క్రీన్‌షాట్ మీ ఊరి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటే దయచేసి తీసేయండి, దీన్ని పెట్టండి.