పాటకు పట్టం, నేపథ్యానికి పరదా

2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ దక్కిన ఉదయం తెలుగునాట ఎవరిని కదిపినా ఆ పాట ముచ్చటే. కీరవాణి వేదికపై రాగం తీస్తూ కృతజ్ఞతలు చెప్పిన తీరు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆ సందడిలో మరుగున పడిన సంగతి ఒకటి ఉంది. అంతకు మూడు నెలల ముందు, 2022 డిసెంబరులో, లాస్ ఏంజెలెస్ సినీ విమర్శకుల సంఘం ఆ ఏటి ఉత్తమ చలనచిత్ర సంగీతంగా ఎంచుకున్నది ‘ఆర్ఆర్ఆర్’ నేపథ్య సంగీతాన్నే. ఆస్కార్ నేపథ్య సంగీత విభాగంలోని అయిదు నామినేషన్లలో మాత్రం దానికి చోటు దొరకలేదు. అక్కడ గెలిచిన జర్మన్ యుద్ధచిత్రంలో వోల్కర్ బెర్టెల్‌మన్ వినిపించిన మూడు స్వరాల గర్జనను తక్కువ చేయలేం. అయినా పాటను నెత్తిన పెట్టుకున్నవారికి, ఆ పాటకు ముందూ వెనకా సినిమాను నడిపిన సంగీతం చెవినపడలేదా అన్న సందేహం మిగిలే ఉంది.

ఈ చెవుడు హాలీవుడ్‌కు కొత్తదేమీ కాదు. 1960లో వచ్చిన ‘సైకో’ స్నానాల గది సన్నివేశానికి సంగీతమే వద్దన్నాడు హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ ఆ మాట వినకుండా వయొలిన్లతో కీచుమనిపించి తెచ్చాడు. విన్న దర్శకుడు తన మాట వెనక్కి తీసుకున్నాడు. ప్రేక్షకుల వెన్ను జలదరించింది ఆ కీచుకే. ఆ చిత్రానికి నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. వాటిలో సంగీతం లేదు. రెండేళ్ల ముందు ‘వెర్టిగో’ సంగీతానికీ అదే గతి. ఇటలీ స్వరకర్త ఎన్నియో మోరికోనె కథ మరీ విడ్డూరం. 1986 నాటి ‘ది మిషన్’కు నామినేషన్‌తోనే సరిపెట్టిన ఆస్కార్ల అకాడమీ, 2007లో గౌరవ పురస్కారంతో తప్పు దిద్దుకోబోయింది. పోటీలో ఆయన గెలిచింది 2016లో, 87 ఏళ్ల వయసులో. మరో స్వరకర్త నీనో రోటా ‘గాడ్‌ఫాదర్’ నామినేషన్‌నైతే, అందులోని ఒక బాణీ ఆయన పాత సినిమాలోదని రద్దు చేశారు. రెండేళ్లకు అదే బాణీ మళ్లీ వినిపించిన రెండో భాగానికి ఆస్కార్ ఇచ్చేశారు! నిబంధనలకూ జ్ఞాపకశక్తికీ చుట్టరికం ఉండాలని ఎక్కడా లేదు కాబోలు.

ఇంతా చేసి, హాలీవుడ్‌లో ఈ సంగీతానికంటూ ఒక విభాగమైనా ఉంది. మన జాతీయ పురస్కారాల్లో 1967 చిత్రాల నుంచి సంగీత దర్శకుడికి దక్కింది ఒక్కటే బహుమతి. 1994 చిత్రాలకు మలయాళ స్వరకర్త జాన్సన్‌ను ‘సుకృతం’ నేపథ్య సంగీతానికి విడిగా గౌరవించారు. ఆ తరువాత పదిహేనేళ్ల మౌనం. 2009 చిత్రాలకు ఆ విభాగం తిరిగి వచ్చినప్పుడు ‘పళశ్శిరాజా’కు ఇళయరాజా అందుకున్నారు. ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’ తెలుగు చిత్రాలకు అంతకు ముందే ఆయనకు జాతీయ గౌరవం దక్కింది గానీ, అందులో పాటల వాటా ఎంత, రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం) వాటా ఎంత అన్నది తేలే వీలే లేదు. విభాగం విడిపోయింది కనుకనే 2021 చిత్రాల పురస్కారాల్లో ‘పుష్ప’ పాటలకు దేవిశ్రీప్రసాద్‌నూ, ‘ఆర్ఆర్ఆర్’ నేపథ్యానికి కీరవాణినీ ఒకేసారి గుర్తించగలిగారు. లేకుంటే ఆ ఏడాది ఇద్దరిలో ఒకరు ఇంటికి ఉత్తచేతులతో వెళ్లేవారు.

తెలుగు ప్రభుత్వాల వైఖరే మింగుడుపడనిది. దశాబ్దాలపాటు ఇచ్చిన నందుల్లో గాయకుడికి ఒకటి, గాయనికి ఒకటి, గేయ రచయితకు ఒకటి. సంగీత దర్శకుడికి మొత్తం కలిపి ఒక్కటే. తెలంగాణ 2025లో మొదలుపెట్టిన గద్దర్ పురస్కారాలూ ఆ దారినే పట్టాయి. పాటకు సినిమా బయట వేరే బతుకుంది: రేడియో, పెళ్లిపందిరి, ఫోను రింగు. న్యాయనిర్ణేతలు సినిమా చూడకముందే అది వారి చెవుల్లో మోగుతుంటుంది. రీరికార్డింగ్‌కు థియేటరు దాటితే నిలువ నీడ లేదు. ‘శివ’ పాటలను మరిచిపోయినవారు సైతం ఆ సినిమా నేపథ్య సంగీతాన్ని తలచుకుంటారు. అలాంటి పనికి మన పురస్కారాల పట్టికలో గడే లేదు.

ఇప్పుడు పని కూడా చీలిపోయింది. ‘సాహో’కు పాటలు కొందరివైతే నేపథ్యం జిబ్రాన్‌ది. ‘రాధేశ్యామ్’ తెలుగు పాటలు జస్టిన్ ప్రభాకరన్‌వి, నేపథ్యం తమన్‌ది. ఒకే బహుమతి ఉన్నచోట ఇలాంటి చిత్రం పరిశీలనకు వస్తే ఎవరి పేరు రాయాలి? చిక్కు తీరాలంటే రెండు ప్రభుత్వాలూ నేపథ్య సంగీతానికి వేరే విభాగం తెరవాలి. ఏ సన్నివేశానికి ఎవరు, ఎంతసేపు సంగీతం కూర్చారో చెప్పే పట్టికను దరఖాస్తుతోపాటే నిర్మాతల నుంచి తీసుకోవాలి. ఈ విభాగం చిత్రాలనైనా నిర్ణేతలు మంచి శబ్దవ్యవస్థ ఉన్న హాలులో చూడాలి. ఖర్చు మహా అయితే ఒక జ్ఞాపిక, కొంత నగదు. వచ్చే ఏటి దరఖాస్తు పత్రంలో ఆ గడి ఒకటి అచ్చువేయించడానికి ఉన్నతస్థాయి కమిటీ కూడా అక్కర్లేదు.