వుడెన్ ఫ్లోరింగ్ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ మా అమ్మ గది వుడెన్ ఫ్లోరింగ్ గారికి నమస్కరించి వ్రాయు లేఖార్థములు.

ఇక్కడ మేము క్షేమం అని రాయడానికి లేదు. అక్కడ తమరు క్షేమమని తలచే వీలు కూడా ఇవాళ మధ్యాహ్నం మూడింటికి పోయింది. కార్పెంటర్ వచ్చి బాత్రూమ్ గోడ పక్కన స్కర్టింగ్, అదే గోడ అడుగున బిగించిన పట్టీ, ఊడదీశాడు. ఒక పలక ఎత్తాడు. రెండోది ఎత్తాడు. మూడోదానికి ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాడు.

పైన టేకు రంగు, అద్దంలాంటి నునుపు. కింద ఫోమ్ షీటు నిండా నల్లగా, పచ్చగా బూజు, ఎవరో చుక్కలు పెట్టి ముగ్గు కలపడం మరిచిపోయినట్టు. పలక అంచు నొక్కితే నానిన అటుకుల్లా వేలికి అంటుకొచ్చింది. అప్పుడు తెలిసింది, తమరు అసలు చెక్కే కాదట. చెక్క పీచుని నొక్కి చేసిన 8 మిల్లీమీటర్ల అట్ట, దాని మీద అతికించిన టేకు బొమ్మ. ఇన్నాళ్ళూ ఫొటో మీద నడిచామన్నమాట.

షోరూమ్‌లో ఆ కుర్రాడు తమరి మీద గ్లాసుడు నీళ్ళు పోసి, బట్టతో తుడిచి, "చూశారా సార్, ఒక్క చుక్క దిగలేదు" అన్నాడు. నిజమే, పైనుంచి దిగలేదు. బాత్రూమ్ టైల్స్ మధ్య వైట్ సిమెంట్ ఊడిన చోట దిగి, గోడ కిందుగా పాకి, పక్కనుంచి వచ్చింది. పైనుంచి చుక్క దిగనివ్వని తమరు, కింద చేరినదాన్ని చుక్క కూడా ఆరనివ్వలేదు. వారంటీ వాళ్ళు దీన్ని సీపేజ్ అన్నారు, అంటే మాకు సంబంధం లేదని. ప్లంబర్ మంగళవారం వస్తానన్నాడు. ఆ మంగళవారం ఇంకా రాలేదు.

సరే, ఇవన్నీ మరిచిపోతాను. వాసన సంగతి మాత్రం మరిచిపోలేను.

శ్రావణంలో మొదలైంది. ముక్కిపోయిన బియ్యం డబ్బా మూత తీసినట్టు. విశాఖపట్నంలో వానలప్పుడు బట్టలే ఆరవు, అదే అనుకున్నాం. తర్వాత అమ్మ తడి తువ్వాళ్ళని అనుమానించాం. ఆ తర్వాత ఆవిడ మోకాళ్ళకి రాసుకునే తైలాన్ని. ఏసీ సర్వీసింగ్ చేయించాం. సాంబ్రాణి వేశాం, ముక్కిన వాసన సాంబ్రాణితో కలిసి ఇంకా ఘనంగా వచ్చింది. చివరికి నా తెలివి మంచం కింద ఉన్న ఆవకాయ జాడీ మీద పడింది.

"అమ్మా, ఊరగాయ బూజు పట్టినట్టుంది. బాల్కనీలో పెట్టేద్దాం."

ఆ మాట ఎవరితో అన్నానో తమరికి తెలియదు. జాడీని రెండు రోజులు ఎండలో పెట్టే మనిషితో. మామిడి ముక్కల్ని పొడిబట్టతో ఒక్కొక్కటే తుడిచే మనిషితో. మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలిందాకా ఊరుకోని మనిషితో. తడి గరిటె పెట్టినందుకు చిన్నప్పుడు నాకు పడిన మొట్టికాయ ఇప్పటికీ తలలో ఎక్కడో ఉంది. అమ్మ ఏమీ అనలేదు. వాసెన విప్పి జాడీ నా ముక్కు దగ్గర పెట్టింది. ఆవఘాటుకి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. అయినా జాడీ బాల్కనీకే వెళ్ళింది. రెండు నెలలు. ఆ రెండు నెలలూ అమ్మ అన్నంలో ఆవకాయ వేసుకోలేదు.

తడి తగిలినదాన్ని ఆరబెట్టకుండా మూత పెట్టకూడదని మా అమ్మకి ఏ షోరూమూ చెప్పలేదు. నువ్వేం చేశావు? తడి మీద ఫోమ్ పరుచుకున్నావు, దాని మీద పలకలు బిగించుకున్నావు, నాలుగు గోడలకీ స్కర్టింగ్‌తో వాసెన కట్టుకుని కూర్చున్నావు! తడి ఉంటే బూజుకి ఒకటి రెండు రోజులు చాలు. నీకు రెండు నెలలు దొరికాయి. పైన మా అమ్మ పడుకుని దగ్గుతుంటే, కింద నువ్వు బూజు సాగు చేశావు. ఆ దగ్గుని కూడా వయసు మీద వేశాం, సిగ్గులేకుండా.

బ్లీచింగ్ కొడితే పోతుందని పక్కింటాయన సలహా. టైల్ మీదైతే సరే, పీచులోకి దిగాక పైన రంగు వెలుస్తుందే తప్ప లోపలిది పోదన్నాడు కార్పెంటర్. గోడ బాగుచేయించి, నేల ఎండేదాకా ఏమీ వేయొద్దన్నాడు.

నిన్ను తీస్తే బిల్డర్ వేసిన పాత టైల్స్ బయటపడ్డాయి, మోటుగా ఉన్నాయని నీతో కప్పేసినవి. సబ్బునీళ్ళకే తెల్లబడ్డాయి. మా తాతగారింట్లో బేతంచర్ల నాపరాళ్ళ మీద శుక్రవారం శుక్రవారం బిందెల కొద్దీ నీళ్ళు కుమ్మరించేవారు. గంటకల్లా వాటి మీదే విస్తళ్ళు వేసేవారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ధనుర్మాసంలో పొద్దున్నే మంచం దిగి నీ మీద కాలు పెడితే చల్లగా జివ్వుమనేది కాదు. అమ్మ కూడా ఆ మాట అనేది.

సాయంత్రం అమ్మే జాడీని లోపలికి తెచ్చుకుంది. అది ఉన్న చోట ఇప్పుడు నువ్వున్నావు, పద్నాలుగు పలకలు, గోడకి చేరగిలబడి. మబ్బు పట్టింది. ఏదైనా కప్పమంటావా అని అడిగితే అమ్మ బాల్కనీ తలుపు గడియ పెట్టి, అన్నానికి రమ్మంది.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.