సవరణ: దగ్గితే గుండెపోటు ఆగదు

చలికాలంలో గుండె జాగ్రత్తల గురించి మొన్న రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఛాతీ నొప్పి వస్తే గట్టిగా దగ్గుతూ ఉండమన్నాను. ఆ వాక్యం తీసేశాను. ఎవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే దయచేసి ఇదీ పంపండి.

ఆ చిట్కా పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. ఆసుపత్రిలో, మానిటర్ తగిలించి ఉన్న రోగికి ఉన్నట్టుండి గుండె లయ తప్పితే, స్పృహ పోకముందే డాక్టర్లు పక్కన నిలబడి దగ్గమంటారు, అదీ ఒక్కోసారి. కొన్ని క్షణాల ముచ్చట. గుండెపోటు అలా కాదు, గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోతుంది. ఎంత దగ్గినా అది తెరుచుకోదు. పైగా అంబులెన్స్‌కి ఫోన్ చేయాల్సిన నిమిషాలు దగ్గుతోనే గడిచిపోతాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా దీన్ని మామూలు జనానికి సిఫారసు చేయదు.

ఇంకోటి. 'చలికి రక్తం గడ్డకట్టుకుపోతుంది' అని తేలిగ్గా రాసేశాను. అసలు జరిగేది వేరు: చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. రక్తానికి గడ్డకట్టే గుణం కాస్త పెరిగే మాట నిజమే. మంచు ఎత్తిపోయడం లాంటి బరువు పనులు ఆ చలిలోనే చేస్తే చలి భారం, పని భారం రెండూ కలిసి గుండె మీద పడతాయి.