దక్షిణాది అడిగింది రాష్ట్రాల హక్కులేనా?

"అమెరికా అంతర్యుద్ధానికి బానిసత్వం కారణం కాదు. కేంద్రం పెత్తనం, పన్నుల భారం భరించలేక దక్షిణ రాష్ట్రాలు విడిపోయాయి. అప్పటి అధ్యక్షుడు లింకన్ కూడా బానిసల కోసం యుద్ధం చేయలేదు." ఈ వాదన చాలాకాలంగా తిరుగుతోంది. రాష్ట్రాల స్వయంప్రతిపత్తి మీద అభిమానం ఉన్నవాళ్లు దీన్ని సులువుగా నమ్ముతారు. ఆ అభిమానం నాకూ ఉంది కాబట్టే దీనికి జవాబు చెప్పాలనిపించింది.

ముందు కేంద్రం పెత్తనం సంగతి. 1850లో పారిపోయిన బానిసల చట్టాన్ని పట్టుబట్టి తెచ్చుకున్నది దక్షిణాది నాయకులే. దాని కింద దొరికిన మనిషికి జ్యూరీ విచారణ లేదు, తన గురించి తాను సాక్ష్యం చెప్పుకునే వీలూ లేదు. కేసు తేల్చే కేంద్ర అధికారి (కమిషనర్) అతన్ని యజమానికి అప్పగిస్తే 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5 డాలర్లు! ఆశ్రయమిచ్చినవాళ్లకు ఆరు నెలల దాకా జైలు. 1854లో ఆంథొనీ బర్న్స్ అనే, పారిపోయి వచ్చిన బానిస యువకుణ్ణి బోస్టన్ నుంచి వర్జీనియాకు తిప్పి పంపడానికి వీధుల్లోకి సైన్యాన్ని దింపారు. అదే ఏడాది ఉత్తరాది రాష్ట్రమైన విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లదంది. 1859లో దేశ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంటే ఇక్కడ రాష్ట్రం హక్కు కోసం పోరాడింది ఉత్తరాది, కేంద్ర బలగం కావాలన్నది దక్షిణాది.

1860 డిసెంబరులో విడిపోయినప్పుడు సౌత్ కరొలైనా ఇచ్చిన ప్రకటనలో రాష్ట్ర సార్వభౌమత్వం మాట ఉంది, నిజమే. కానీ అందులోని ఫిర్యాదు చూడండి: ఉత్తర రాష్ట్రాలు సొంత చట్టాలు చేసి బానిసలను అప్పగించడం లేదట. న్యూయార్క్ అయితే బానిసలతో తన గడ్డ మీదుగా వెళ్లనివ్వడం కూడా లేదట. విడిపోయిన రాష్ట్రాలు కలిసి కాన్ఫెడరసీ అనే కూటమిగా ఏర్పడి తర్వాత రాసుకున్న కాన్ఫెడరేట్ రాజ్యాంగం, బానిసల మీద ఆస్తి హక్కును తగ్గించే చట్టమేదీ తమ చట్టసభ చేయకూడదని కట్టడి చేసింది.

పన్నుల వాదన తేదీల దగ్గరే ఆగిపోతుంది. 1857లో దిగుమతి సుంకాలు తగ్గాయి. వాటిని పెంచిన మోరిల్ చట్టం మీద సంతకం పడింది 1861 మార్చి 2న. అప్పటికే ఏడు రాష్ట్రాలు విడిపోవాలని తీర్మానించేశాయి.

ఇక లింకన్. బానిసత్వం ఉన్నచోట జోక్యం చేసుకోనని పదవి చేపట్టిన రోజే అన్నాడు, అది నిజం. మొదట్లో ఆయన యుద్ధం చేసింది దేశాన్ని కలిపి ఉంచడానికే. అయితే ఆయన ఎందుకు యుద్ధం చేశాడన్నది ఒక ప్రశ్న, వాళ్లు ఎందుకు విడిపోయారన్నది ఇంకో ప్రశ్న. కొత్త భూభాగాల్లోకి బానిసత్వాన్ని రానివ్వనన్న లింకన్ పార్టీ గెలవగానే వాళ్లు కదిలారు. 1861 మార్చి 21న సవన్నాలో కాన్ఫెడరేట్ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే తమ ప్రభుత్వానికి మూలరాయి అని బహిరంగంగా చెప్పాడు.

1860 జనగణనలో సౌత్ కరొలైనా జనాభా సుమారు 7 లక్షలు. అందులో 4 లక్షల మంది బానిసలు. రాష్ట్రం విడిపోవాలా వద్దా అని వాళ్లను ఎవరూ అడగలేదు.