అయస్కాంతానికి అంటుకున్నంత మాత్రాన దొంగ నాణెం కాదు
"అయస్కాంతానికి అంటుకుంటే పాత నాణెం నకిలీదే" అని పాత నాణేల మీద ఒక వ్యాసంలో రాసింది వెండి నాణేలకు సరే గానీ అన్నిటికీ చెల్లదు. మాది పర్లాకిమిడి. నాయనమ్మ ట్రంకుపెట్టెలో 1947 నాటి పులిబొమ్మ రూపాయి దొరికితే, బజారులో ఒకాయన అయస్కాంతం పెట్టి చూసి "ఇనుము బాబూ, దొంగది" అని తేల్చేశాడు. అది నికెల్ రూపాయి! యుద్ధంలో వెండికి కటకట వచ్చి, 1940 నుంచి రూపాయిలో వెండిని సుమారు 92 శాతం నుంచి 50కి దించారు. 1947 రూపాయికి వచ్చేసరికి అసలు వెండే లేదు. నికెల్ అంటుకోక ఏం చేస్తుంది? అదే 1942 రూపాయి అంటుకుందంటే మాత్రం అనుమానించాల్సిందే. అమెరికా వాళ్ల 1943 సెంటు నాణేనిదీ ఇదే తంతు. ఆ ఏడు రాగి మిగల్చడానికి జింకు పూత వేసిన ఉక్కుతో కొట్టారు కాబట్టి మామూలుగా అసలుదే అంటుకుంటుంది. రాగి రంగులో ఉండి అంటుకుంటే పైన పూత పూసినట్టే. అంటుకోలేదు కాబట్టి అరుదైన రాగి సెంటు దొరికిందని సంబరపడటానికీ లేదు, 1948 సెంటు మీది 8ని గీకి 3 చేసేవాళ్లున్నారు. నేనైతే ముందు తూకం చూస్తాను. రూపాయి 11.66 గ్రాములు, అరిగితే కాస్త తగ్గుతుంది. నగల కొట్లో కాటా మీద నిమిషం పని. అదే పెట్టెలో మూడు చిల్లుకానీలు కూడా దొరికాయి, రాగి ఆదా కోసం 1943 నుంచి మధ్యలో చిల్లు పెట్టి కొట్టినవి. వాటికి నకిలీ చేసే ఓపిక ఎవరికీ ఉండదు లెండి.