గీతలకు వణుకుతాం, మనిషి సంగతి అడగం

విదేశాల్లో కారు అద్దెకు తీసుకున్నవాళ్ళు గర్వంగా చెప్పే మాట ఒకటుంది. "ఫుల్ కవర్ తీసేసుకున్నాం, ఇక బెంగ లేదు." ఆ మాట విన్నప్పుడల్లా నేను అడిగేది కూడా ఒక్కటే. కారుకు సరే, రోడ్డు దాటుతున్న మనిషిని గుద్దితే ఎంతవరకు కవరుంది? తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్ళు ఇంతవరకు నాకు తగల్లేదు.

వాళ్ళనీ పూర్తిగా అనలేం. కౌంటర్ దగ్గర అమ్మేదంతా గీతల భయమే కదా. బంపర్ మీద గీత, పగిలిన అద్దం, దొంగతనం. కారు మొత్తం తుక్కయినా నష్టం దాని ఖరీదు చుట్టూనే తిరుగుతుంది. మనిషికి దెబ్బ తగిలితే ఆసుపత్రి బిల్లు, ఆగిపోయిన సంపాదన, లాయర్లు, కోర్టు... దానికి అంతూ పొంతూ ఉండదు. ఏళ్ళ తరబడి కూడబెట్టింది ఊడ్చుకుపోయేది అక్కడ. మనమేమో వీల్ రిమ్ము గురించి అరగంట బేరమాడతాం.

ముందు ఈ రెండూ వేర్వేరని బుర్రకెక్కాలి. సీడీడబ్ల్యూ, అంటే కొలిజన్ డ్యామేజ్ వేవర్, వాళ్ళ కారుకు సంబంధించినది మాత్రమే. "మా కారు పాడైతే ఇంతకు మించి మీ దగ్గర వసూలు చెయ్యం" అని కంపెనీ ఇచ్చే హామీ అది. చాలాచోట్ల అది బీమా పాలసీ కూడా కాదు, అద్దె ఒప్పందంలో ఒక షరతు, అంతే. మనం మిగతా షరతులు తప్పామా, ఆ హామీ కాస్తా గాలికి పోతుంది. తాగి నడిపితే పోతుందని అందరికీ తెలుసు. ఒప్పందంలో పేరు లేనివాళ్ళు నడిపినా పోతుందన్నది ఎవరికీ గుర్తుండదు. "నిద్రొస్తోంది, కాసేపు నువ్వు పట్టుకో" అని పక్కనున్నవాళ్ళకి స్టీరింగ్ ఇచ్చే అలవాటు మనలో ఎంతమందికి లేదు చెప్పండి? రెండో డ్రైవర్ పేరు రాయించడానికి రోజుకి కొంత అడుగుతారని మానేసి, కొన్న కవరంతా అక్కడ వదులుకుంటాం.

ఎదుటి మనిషికీ, ఎదుటివాళ్ళ ఆస్తికీ జరిగే నష్టానికి ఉండేది థర్డ్ పార్టీ లయబిలిటీ. ఇది దేశాన్ని బట్టి ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడాగా ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో ప్రతి వాహనానికీ ఇది తప్పనిసరి. 2021లో సవరించిన అక్కడి నిబంధనల ప్రకారం గాయాలకు ఒక్కో బాధితుడికి కనీసం 13 లక్షల యూరోలు, లేదా ప్రమాదం మొత్తానికి 64.5 లక్షల యూరోలు కవర్ ఉండాలి. బ్రిటన్‌లో అయితే మనుషుల గాయాలకు పరిమితే లేదు. అక్కడ కారు తీసుకునేవాళ్ళు ఈ విషయంలో గుండెమీద చెయ్యేసుకుని పడుకోవచ్చు. న్యూజీలాండ్ దారి ఇంకోటి. 1974 నుంచి ప్రమాదంలో గాయపడ్డవాళ్ళ ఖర్చు ప్రభుత్వ పథకమే చూసుకుంటుంది, గాయాలకు నష్టపరిహారం ఇమ్మని మన మీద దావా వెయ్యడం కుదరదు. అవతలి కారు నష్టం మాత్రం ఆ పథకంలోకి రాదు, పైగా అక్కడ వాహన బీమా తప్పనిసరి కూడా కాదు.

ఇప్పుడు అమెరికా సంగతి చూడండి. కాలిఫోర్నియాలో చట్టం అడిగే కనీస కవర్, గాయపడ్డ ఒక్క మనిషికి, 2024 చివరిదాకా 15 వేల డాలర్లు. 2025 జనవరి 1 నుంచి 30 వేలు. అక్కడి ఆసుపత్రి బిల్లుల ముందు 30 వేల డాలర్లు ఏ మూలకు? పోనీ కారు సొంతదారు కంపెనీయే కదా, వాళ్ళూ బాధ్యులే కదా అనుకుంటే, 2005లో వచ్చిన గ్రేవ్స్ అమెండ్‌మెంట్ అనే అమెరికా చట్టం ఆ దారి మూసేసింది. కంపెనీ వైపు నిర్లక్ష్యం లేనంతవరకు, నడిపినవాడు చేసిన ప్రమాదానికి కారు సొంతదారన్న ఒక్క కారణంతో అద్దె కంపెనీని బాధ్యురాల్ని చెయ్యడం కుదరదు. అంటే కనీస కవర్ దాటిన ప్రతి డాలరూ మన నెత్తినే. అందుకే అక్కడ సప్లిమెంటల్ లయబిలిటీ అని వేరే అమ్ముతారు, కంపెనీని బట్టి 3 లక్షల నుంచి 10 లక్షల డాలర్ల దాకా. నన్నడిగితే అమెరికాలో డబ్బు పెట్టాల్సిన మొదటి కవర్ ఇదే. గీతల సంగతి తర్వాత.

ఇక్కడే చాలామంది గమనించని తిరకాసు ఒకటుంది. బుకింగ్ సైట్‌లో "మీరు నివసించే దేశం" అని ఒక గడి ఉంటుంది. ఏదో ఫార్మాలిటీ అనుకుని ఏదో ఒకటి నొక్కేస్తాం. బయటి దేశాలవాళ్ళకి ఇచ్చే అమెరికా రేట్లలో సీడీడబ్ల్యూ, అదనపు లయబిలిటీ రెండూ కలిపే ఉండటం మామూలే. అక్కడే ఉండేవాళ్ళ రేటులో చాలాసార్లు రెండూ ఉండవు. చవగ్గా కనిపించిందని అబద్ధపు దేశం నొక్కితే ప్రమాదం జరిగిన రోజు ఆ కాగితం చెల్లకుండా పోవచ్చు.

క్రెడిట్ కార్డు ఉంది కదా, అన్నీ అదే చూసుకుంటుంది అనేవాళ్ళు ఇంకో రకం. కార్డులతో వచ్చే కవర్ చాలావరకు అద్దె కారు డ్యామేజీకీ దొంగతనానికే. ఎదుటి మనిషికి పైసా రాదు. అది కూడా అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టి, కౌంటర్‌లో కంపెనీ సీడీడబ్ల్యూ వద్దంటేనే. కొన్ని దేశాలకు అసలు వర్తించదు, ఐర్లాండ్, ఇజ్రాయెల్, జమైకా పేర్లు ఆ మినహాయింపుల్లో తరచూ కనిపిస్తాయి.

ఇక కౌంటర్ నాటకం. అర్ధరాత్రి విమానం దిగాం, వెనకాల క్యూ, పిల్లలు నిద్రకి జోగుతున్నారు. అవతలి మనిషి ట్యాబ్లెట్ మన వైపు తిప్పి "ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ" అని వేలితో చూపిస్తాడు. ఒకచోట నాకలా తిప్పిన తెర మీద, నేను అడగని ప్యాకేజీకి ముందే టిక్కు పెట్టి ఉంది. తీసెయ్యమంటే, "బయట కొన్న ఎక్సెస్ పాలసీ ఇక్కడ చెల్లదు సార్, రిస్కు మీదే" అన్నాడు. ఎక్సెస్ అంటే సీడీడబ్ల్యూ ఉన్నా డ్యామేజీలో మన జేబులోంచి పోయే వాటా. అది సగం నిజమే, చిక్కంతా ఆ సగంలోనే. బయటి పాలసీని కంపెనీ పట్టించుకోదు, ఎక్సెస్ మొత్తం మన కార్డు మీదే బ్లాక్ చేస్తుంది. డ్యామేజీ అయితే ముందు మనం కట్టాలి, తర్వాత బిల్లు, రిపేరు కాగితం, ఒప్పందం పంపి ఆ పాలసీవాళ్ళ దగ్గర రాబట్టుకోవాలి. ఓపిక ఉంటే కౌంటర్ ప్యాకేజీకన్నా సాధారణంగా అదే చవక. లేదంటే కౌంటర్‌లోనే కొనండి, తప్పేం లేదు. కానీ కౌంటర్ ప్యాకేజీ లేకపోతే, తప్పు ఎవరిదైనా ఎక్సెస్ ముందు మన దగ్గరే కోస్తారన్నది తెలిసి నిర్ణయించుకోండి. పార్కింగ్‌లో ఎవడో గుద్ది పారిపోయినా అంతే.

మామూలు సీడీడబ్ల్యూ కొన్నాక కూడా టైర్లు, రిమ్ములు, అద్దాలు, కారు టాపు, అడుగుభాగం చాలా ఒప్పందాల్లో బయటే ఉంటాయి. ఆపైన దేశానికో పేచీ. ఐస్‌లాండ్‌లో కంకర దెబ్బకొకటి, ఇసుక బూడిద గాలికొకటి వేరే కవర్లు అమ్ముతారు. అవన్నీ కొని వాగులో దింపి ఇంజిన్లోకి నీళ్ళు పోతే మాత్రం చాలా కంపెనీల్లో ఏ కవరూ రాదు. ఆస్ట్రేలియాలో నార్తర్న్ టెరిటరీ లాంటిచోట్ల ఊరి పొలిమేర దాటాక చీకట్లో నడపొద్దని ఒప్పందాల్లో రాసి ఉంటుంది, జంతువులు అడ్డొస్తాయని. జపాన్‌లో చిన్న గీతైనా పోలీసులకు చెప్పి నమోదు చేయించకపోతే కవర్ పోయినట్టే. అక్కడ ఇంకోటీ ఉంది. కారు రిపేరులో ఉన్నన్నాళ్ళూ పోయే అద్దె కింద, మామూలు కవర్ ఉన్నా సరే, విడిగా వడ్డిస్తారు. చాలా కంపెనీల్లో కారు తనంతట తాను షాపుదాకా వస్తే 20 వేల యెన్లు, రాలేకపోతే 50 వేలు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు, నాకూ కుదరదు. అందుకే బుక్ చేసేముందే సైట్‌లో షరతుల పేజీ తెరిచి లయబిలిటీ దగ్గర ఏ అంకె ఉందో చూస్తాను, తర్వాతే రేటు చూస్తాను. కౌంటర్‌లోనూ అదే అడుగుతాను. "ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే ఎంతవరకు ఉంది, ఒప్పందంలో ఎక్కడుందో చూపించండి." వెనకాల క్యూలోవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ఆ అంకె చూపించలేని కంపెనీ కారు ఎంత చవకైనా నాకొద్దు, టాక్సీ ఎక్కి పోతాను.