ప్యాడ్ పలకకపోతే సెన్సర్ పోయినట్టేనా?

వినాయక చవితి దగ్గర పడుతుంటే పాత ఆక్టాప్యాడ్‌లు, అంటే కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్‌లు, అటకల మీంచి దిగుతాయి, వాటితోపాటే ఆ వాట్సాప్ మెసేజ్ కూడా మళ్ళీ తిరగడం మొదలవుతుంది. "ప్యాడ్ పలకట్లేదంటే సెన్సర్ పోయినట్టే. మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి చూడండి, మోగకపోతే మార్చేయండి. అప్పటిదాకా సెన్సిటివిటీ ఫుల్ పెట్టి నడిపించండి. అడాప్టర్ 9 వోల్టులైతే ఏదైనా ఒకటే. రబ్బరు జిడ్డుగా ఉంటే పెట్రోలుతో తుడవండి." ఇదీ దాని సారాంశం. నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది, మూడుసార్లూ కింద దణ్ణాలూ చప్పట్లూ.

ముందు ఆ బీప్ సంగతి, అంటే వైరు తెగిందో లేదో చూసే మీటరు సెట్టింగ్ సంగతి చూద్దాం, జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది అదే. పాత ప్యాడ్‌లలో ఎక్కువగా ఉండేది పీజో బిళ్ళ, అంటే పల్చటి ఇత్తడి రేకు మీద అతికించిన సెరామిక్ పొర. దెబ్బకి అది రవ్వంత వంగితే వోల్టేజి పుడుతుంది, ఆ వోల్టేజిని బట్టే ఎంత గట్టిగా కొట్టారో బోర్డుకు తెలుస్తుంది. మీటరుకు మాత్రం అది ఒక కెపాసిటర్, అంటే మీటరు పంపే కరెంటు దాని గుండా పారదు, కాబట్టి బాగున్న పీజో బీప్ ఇవ్వనే ఇవ్వదు. ఇచ్చిందంటేనే షార్ట్ అయిందేమోనని అనుమానించాలి. అంటే ఈ మెసేజ్ చెప్పినట్టు చేస్తే మంచి సెన్సర్లన్నీ చెత్తబుట్టలోకీ, చచ్చిన సెన్సర్ తిరిగి ప్యాడ్‌లోకీ వెళ్తాయి!

మరి ఎలా చూడాలి? మీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి బిళ్ళ మీద వేలితో తట్టండి, అంకె ఎగిరితే అది బతికే ఉంది. కదలకపోయినా వెంటనే కొత్తదానికి పరుగెత్తక్కర్లేదు, చాలాసార్లు తెగేది బిళ్ళ కాదు, దాని మీద అతికించిన సన్నటి వైరు. మళ్ళీ అతికించేటప్పుడు సోల్డరింగ్ ఐరన్‌ని సెరామిక్ వైపు ఆనించి ఉంచారో, దాని మీది వెండి పూత లేచిపోతుంది, అప్పుడు నిజంగానే కొత్తది కొనాలి. తాకీ తాకనట్టు తాకి తీసేయాలి. ఇంకో మాట, అన్ని ప్యాడ్‌లలోనూ పీజోలు ఉండవు, కొన్నిటిలో నొక్కితే రెసిస్టెన్స్ తగ్గే పల్చటి షీట్ ఉంటుంది, దాన్ని ఓమ్స్‌లో పెట్టి నొక్కి చూడాలి. ఇవేవీ కాదు, ఇంకా సులువైనది కావాలంటే, లోపల ఒకే రకం ప్లగ్గులున్న రెండు ప్యాడ్‌ల కనెక్టర్లను, పవర్ ఆపేసి, అటూ ఇటూ మార్చండి. మార్చాక కూడా అదే ప్యాడ్ పలకట్లేదా, తప్పు ప్యాడ్‌ది. జబ్బు రెండో ప్యాడ్‌కి మారిందా, బోర్డుది.

"పలకట్లేదు" అన్న మాట దగ్గరే ఇంకో తిరకాసు ఉంది. ఆక్టాప్యాడ్ అనేది రోలాండ్ వాళ్ళ పేరు, మన దగ్గర ఏ కంపెనీదైనా ఆక్టాప్యాడే అయిపోయింది, జిరాక్స్ లాగా. 1985లో వచ్చిన మొట్టమొదటి ఆక్టాప్యాడ్, ప్యాడ్-8, దాని లోపల అసలు సౌండ్లే లేవు. అది మిడి కంట్రోలర్ (మిడి అంటే ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష), ఎనిమిది ప్యాడ్‌ల దెబ్బల్ని మిడి నోట్లుగా మార్చి, మోతను పుట్టించే బయటి సౌండ్ మాడ్యూల్‌కి పంపడమే దాని పని. సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకుని యాంప్‌కి పెట్టి "ఎనిమిది సెన్సర్లూ పోయాయన్నా" అంటూ ఒక తమ్ముడు నా దగ్గరకు మోసుకొచ్చాడు, పాపం. మిడి అవుట్‌ని లాప్‌టాప్‌కి కలిపి చూస్తే ఎనిమిదీ చక్కగా నోట్లు పంపుతున్నాయి. సొంత సౌండ్లున్న వాటికీ ఇదే పరీక్ష పనికొస్తుంది. నోటు వస్తోంది, మోత రావట్లేదు అంటే సెన్సర్ జోలికి పోకండి, హెడ్‌ఫోన్ పెట్టి వినండి, వాల్యూమ్ తిప్పి చూడండి, అవుట్‌పుట్ జాక్ సోల్డర్ పగిలిందేమో చూడండి. ఆన్ చేసిన ప్రతిసారీ సెట్టింగులు మాయమవుతుంటే అది వేరే రోగం, లోపలి బిళ్ళ బ్యాటరీ చూసుకోండి.

ఇక సెన్సిటివిటీ ఫుల్. దీనివల్ల ఒకటి కొడితే పక్కది కూడా మోగుతుంది, అంతే! అసలు కారణం చాలాసార్లు రబ్బరు కింద ఉండే ఫోమ్. తేమకి ఏళ్ళ తరబడి నాని అది జిగురై, పొడై పోతుంది, కాకినాడ, విశాఖ వైపు ఉప్పుగాలి ఊళ్ళలోనైతే చెప్పక్కర్లేదు. దాంతో దెబ్బ సెన్సర్‌కి సరిగ్గా అందదు, అదురు మాత్రం పక్క ప్యాడ్‌కి పాకుతుంది. పాత ఫోమ్ గీకేసి, అదే మందంలో, దాదాపు అంతే మెత్తగా ఉన్నది వేసి, అప్పుడు సెన్సిటివిటీ ముట్టుకోండి. గట్టి షీట్ వేస్తే అదురు ఇంకా పెరుగుతుంది.

అడాప్టర్ విషయంలో వోల్టులొక్కటే చూస్తే సరిపోదు. ఇంట్లో రూటర్ అడాప్టర్లకు సాధారణంగా లోపలి పిన్ను ప్లస్, రోలాండ్ తొమ్మిది వోల్టుల వాటిలో చాలావాటికి లోపల మైనస్. జాక్ పక్కన గుర్తు ఉంటుంది, అది చూసి, ఆంప్స్, అంటే అడాప్టర్ ఇవ్వగల కరెంటు, కూడా సరిపోతుందో లేదో చూసి పెట్టండి.

పెట్రోలు గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ తప్పు నేనే చేశాను. పెట్రోలు తాగితే రబ్బరు ఉబ్బుతుంది, థిన్నర్ అయితే ప్లాస్టిక్ బాడీనే కరిగిస్తుంది. గుడ్డని సబ్బునీళ్ళలో తడిపి గట్టిగా పిండి తుడిస్తే చాలు, అది తెలిసేసరికి నా మూడో ప్యాడ్ పూరీలా పొంగింది. ఇప్పటికీ అలాగే ఉంది, దానికి చప్పట్ల సౌండ్ పెట్టుకుని వాడుకుంటున్నాను.